వేసవి ట్రెయిల్‌ను చలికాలంలో నమ్మొద్దు: స్నోషూయింగ్‌కి వెళ్ళే మనవాళ్ళకు

డిసెంబర్ వచ్చిందంటే సియాటిల్ చుట్టుపక్కల మనవాళ్ళకు స్నోషూల (మంచులో కాలు దిగబడకుండా బూట్లకు కట్టుకునే వెడల్పాటి పలకల) మీదకు మనసు పోతుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఆగస్టులో వెళ్ళొచ్చిన ట్రెయిల్ లింక్ పెడతారు. శనివారం అని ఖాయం చేస్తారు. పులిహోర ఎవరు, టీ ఫ్లాస్కు ఎవరు అని పంపకాలు కూడా అయిపోతాయి. నా పేచీ అంతా ఆ లింక్‌తోనే. ఆగస్టులో అది నడకదారి. జనవరిలో అదే గీత మంచు చరియలు జారే దారిని అడ్డంగా కోసుకుంటూ పోతుండవచ్చు. యాప్‌లోని ఆ గీతకు ఇప్పుడు ఏ నెలో తెలియదు.

మాది నల్గొండ, ఉండేది సియాటిల్ దగ్గర ఇసాక్వాలో. మా గ్రూపులో రూట్ చూసే పని నా మీద పడింది కాబట్టి అవలాంచ్ (మంచు చరియలు విరిగిపడటం) గురించిన కోర్సు చేశాను. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే: "అక్కా, అవలాంచ్ గొడవ స్కీయింగ్ చేసేవాళ్ళది కదా, మనం ఊరికే నడిచేవాళ్ళం, మనకెందుకు?" నిజానికి నడిచేవాళ్ళ పరిస్థితే ఇంకొంచెం ఇబ్బంది. స్కీయర్ ఒక్కోసారి పక్కకు జారి తప్పించుకోగలడు. స్నోషూలు కట్టుకున్న మనిషి పరుగెత్తలేడు, వాటిని చటుక్కున విప్పలేడు. పైగా మనం ఎక్కువగా నడిచేది వాలు కింద, లోయ అడుగున. పైనుంచి వచ్చేదంతా పోగుపడేది అక్కడే.

గ్రానైట్ మౌంటెన్ సంగతి చూడండి. ఐ-90 హైవే మీద ఎగ్జిట్ 47, సియాటిల్ నుంచి గంటలోపు డ్రైవ్, శిఖరం 5,629 అడుగులు. వేసవి ట్రెయిల్ మొదట ప్రాట్ లేక్ దారిలో అడవిలోంచి వెళ్ళి, తర్వాత కుడివైపు తిరిగి ఎక్కుతుంది. అలా ఎక్కుతూ దక్షిణం వైపు చెట్లు లేని ఒక పెద్ద గాడిలోకి వస్తుంది. ఆ గాడిలో చెట్లు ఎందుకు లేవంటే, మంచు చరియలు పదే పదే వచ్చి వాటిని తుడిచిపెట్టేశాయి కాబట్టి. తెలిసినవాళ్ళు చలికాలంలో ఆ గాడి జోలికి పోకుండా పక్కనున్న చెట్ల గట్టు మీదుగా ఎక్కుతారు. ఆ గట్టు వెతుక్కుంటూ పోవడం కొత్తవాళ్ళు చేయాల్సిన పని కాదు. అందుకే మా గ్రూపుకు చలికాలంలో గ్రానైట్ లేదు, అంతే. ఆల్పెంటల్ స్కీ ఏరియా దగ్గర స్నో లేక్ ట్రెయిల్‌ది కూడా ఇదే కథ. చలికాలంలో జనం లోయ అడుగున సోర్స్ లేక్ దాకా నడుస్తారు గానీ, అక్కడికి కూడా రెండు వైపుల కొండల నుంచి చరియలు దిగుతాయి. పార్కింగ్ నిండా కార్లు ఉన్నాయని, మంచులో అడుగుల జాడ ఉందని అది సేఫ్ అయిపోదు. ముందు వెళ్ళినవాళ్ళకు మీకంటే ఎక్కువ తెలుసనడానికి ఏ ఆధారమూ లేదు.

కోణం ఒక్కటే మారనిది

మంచు రోజుకో రకంగా ఉంటుంది, వాతావరణం గంటకో రకంగా ఉంటుంది. కొండ వాలు మాత్రం అలాగే ఉంటుంది, దాన్ని ఇంట్లో కూర్చునే కొలవొచ్చు. కొత్తవాళ్ళు ఒక్కటే నేర్చుకుంటామంటే ఇదే నేర్చుకోండి.

ప్రాణాలు తీసేది ఎక్కువగా స్లాబ్ అవలాంచ్. పాత బలహీనమైన పొర మీద కొత్త మంచు తనలో తనే గట్టిగా అతుక్కుని పలకలా తయారవుతుంది. బరువు పడగానే కింది పొర కుప్పకూలి, పాత గోడకు సున్నం పెచ్చు ఊడినట్టు ఆ పలక మొత్తం ఒక్కసారిగా విడిపోతుంది. మనిషి నిలబడిన చోటే కాదు, అతని పైన వంద అడుగుల దూరంలో కూడా పగలవచ్చు. ఇలాంటివి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో జరుగుతాయి, అందులోనూ 38కి అటూ ఇటూ ఎక్కువ. 30 కంటే తక్కువ వాలులో పలక జారడం అరుదు. సరదాగా నడిచేవాళ్ళు, స్కీయింగ్ చేసేవాళ్ళు చిక్కుకున్న ప్రమాదాల్లో పదింట తొమ్మిది దాకా ఆ మనిషో, అతని గుంపులోవాళ్ళో కదిలించినవే. అంటే నిర్ణయం చాలావరకు మన చేతుల్లోనే ఉంది.

కాల్‌టోపో అనే మ్యాప్ సైట్ తెరిచి, వాలు కోణాన్ని రంగుల్లో చూపించే లేయర్ పెట్టండి. 27 డిగ్రీల నుంచి పసుపు మొదలవుతుంది, 30 దాటితే నారింజ, 35 నుంచి 45 దాకా ఎరుపు, ఆపైన ఊదా, నీలం. మీ ట్రెయిల్ గీతను దాని మీద వేసుకోండి. గీత ఏ రంగు మీదుగా పోతోందో చూస్తే పని సగమే అయినట్టు. ఆ గీతకు పైన ఏముందో కూడా చూడాలి. గీత తెల్లటి చోటే పోతున్నా, దాని నెత్తిన వెయ్యి అడుగుల ఎర్రటి వాలు ఉంటే మీరు చరియ దిగే దారిలో ఉన్నట్టే. గోల్డ్ క్రీక్ లోయ ఇందుకు మంచి ఉదాహరణ. చెరువు చుట్టూ నడక చదునే, ఏ ఇబ్బందీ లేదు. "ఇంకొంచెం లోపలికి వెళ్దాం" అని లోయలోకి పోయేకొద్దీ కెండాల్ శిఖరం వైపు నుంచీ, ర్యాంపార్ట్ రిడ్జ్ వైపు నుంచీ దిగే చరియ దారులు లోయ అడుగు దాకా వస్తాయి. మీ కాళ్ళ కింద నేల చదునుగానే ఉంటుంది.

మ్యాప్ చిన్న చిన్న గట్లను పట్టుకోలేదు. ఇరవై, ముప్పై అడుగుల ఎత్తున్న వాలు రంగు లేకుండానే కనిపించవచ్చు. కింద వాగో గోతో ఉంటే అంత చిన్న చరియ కూడా మనిషిని పూడ్చేయగలదు. కాబట్టి అక్కడికి వెళ్ళాక కూడా కొలవండి. ట్రెకింగ్ పోల్‌ను వాలు మీద పైనుంచి కిందికి పడుకోబెట్టి, దాని మీద ఫోన్ నిలువంచు ఆనించి, లెవెల్ చూపించే యాప్ తెరిస్తే కోణం వచ్చేస్తుంది. నాలుగైదు వారాలు ఇలా కొలిస్తే కంటికే అలవాటవుతుంది. మొదట్లో అందరూ 25ను 35 అని, 35ను 45 అని చెప్తారు. మా తమ్ముడు ఇంకా అలాగే చెప్తాడు.

ముందు రోజు రాత్రి

శుక్రవారం సాయంత్రం ఏడింటికి, అన్నం తిన్నాక, నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ సైట్ చూస్తాను. మన పక్క దాన్ని ఎన్‌వాక్ అంటారు. సీజన్‌లో మరుసటి రోజు ఫోర్‌కాస్ట్ సాయంత్రానికే పెట్టేస్తారు. స్నోక్వాల్మీ పాస్ (పాస్ అంటే కనుమ), స్టీవెన్స్ పాస్, ఒలింపిక్స్ పర్వతాలు ఇలా ప్రాంతాల వారీగా ఉంటుంది. మీరు వెళ్ళేది ఏ జోన్‌లో ఉందో చూసుకోండి, పాస్‌కు అటు వైపు ఒక జోన్, ఇటు వైపు ఇంకో జోన్ కావచ్చు.

ప్రమాద స్థాయి ఐదు మెట్లు: లో, మోడరేట్, కన్సిడరబుల్, హై, ఎక్స్‌ట్రీమ్. మూడోది చూసి "ఐదుకు మూడే కదా, యావరేజ్" అనుకునే వాళ్ళు చాలామంది. కన్సిడరబుల్ అంటే అవలాంచ్‌లు వాటంతటవే రావచ్చు, మనిషి అడుగు పడితే వచ్చే అవకాశం గట్టిగా ఉంది అని అర్థం. నాలుగు, ఐదు ఉన్న రోజు జనం భయపడి ఇంట్లో ఉంటారు. మూడు ఉన్న రోజు ఆకాశం నీలంగా ఉంటుంది, కొత్త మంచు మెరుస్తుంది, అందరూ బయల్దేరతారు. చావులు ఎక్కువగా నమోదయ్యేది ఈ మూడులోనే. మా గ్రూపు రూలు చాలా మొరటుది: మూడు, ఆపైన ఉంటే 30 డిగ్రీలు దాటిన వాలు మీద గానీ, దాని కింద గానీ అడుగు పెట్టం. చర్చ లేదు.

నంబర్ చూసి సైట్ మూసేయకండి. కింద "సమస్య ఏంటి" అన్న భాగం ఉంటుంది. గాలి పోగేసిన పలకా, తుఫాను మంచు పలకా, తడి మంచా, లోపల ఎప్పటిదో బలహీనమైన పొరా అని చెప్తారు. గుండ్రటి బొమ్మలో ఏ దిక్కు వాలు, ఏ ఎత్తు దగ్గర అన్నది నలుపు చేసి చూపిస్తారు. మీ రూట్ ఆ నలుపులో పడుతోందా లేదా అన్నదే ప్రశ్న. గాలి పలకలైతే గాలి చాటున ఉన్న వాలులో, గట్టు దాటిన వెంటనే ఉంటాయి. లోపలి పొర సమస్యయితే చదునులో నడుస్తూ కూడా పైన ఉన్న వాలును కదిలించేయొచ్చు. ఆ మాట కనబడిన వారం నేను లోయల్లోకే పోను.

తర్వాత వాతావరణం. మన కాస్కేడ్స్ పర్వతాలు సముద్రానికి దగ్గర, ఇక్కడి మంచు బరువు, తడి ఎక్కువ. కొలరాడోలోలాగా బలహీనమైన పొరలు నెలల తరబడి మొండికేయడం ఇక్కడ తక్కువ. కానీ తుఫాను నడుస్తున్నప్పుడు, ఆగిన తర్వాత ఒకటి రెండు రోజులు మాత్రం చాలా చెడ్డవి. ఒక్క రోజులో అడుగు మంచు పడిందంటే ఆగాలి. అంతకంటే ఎక్కువ చూడాల్సింది ఫ్రీజింగ్ లెవెల్, అంటే గాలి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగే ఎత్తు. స్నోక్వాల్మీ పాస్ సుమారు 3,000 అడుగుల ఎత్తు. ఫ్రీజింగ్ లెవెల్ 2,000 నుంచి 5,000కి ఎగబాకుతుందని రాశారంటే, ఆ కొత్త మంచు మీద వాన పడబోతోందని అర్థం. వాన మొదలైన కాసేపటికే చరియలు దిగడం మొదలవుతుంది. స్నోక్వాల్మీకి ఇంకో చిత్రం ఉంది. తూర్పు నుంచి చల్లగాలి పాస్‌లోంచి తోసుకొస్తున్నంత సేపు అక్కడ మంచే పడుతుంది. గాలి తిరిగి పడమర నుంచి వీచడం మొదలవగానే ఒక్కసారిగా వేడెక్కి వాన వస్తుంది. ఫోర్‌కాస్టర్లు ఈ గాలి మార్పు టైమ్ కూడా రాస్తారు. ఆ టైమ్‌కి మీరు కారులో ఉండాలి, కొండ మీద కాదు. మనం ఇడ్లీలు తిని, పిల్లల గ్లవ్స్ వెతికి, పదకొండింటికి ట్రెయిల్ దగ్గరకు చేరే అలవాటు ఇక్కడ పనికిరాదు.

స్టీవెన్స్ పాస్ దగ్గర వెల్లింగ్టన్‌లో 1910 మార్చి 1న అర్ధరాత్రి దాటాక జరిగింది ఇదే. రోజుల తరబడి మంచు పడి రెండు రైళ్ళు స్టేషన్ దగ్గరే ఇరుక్కుపోయాయి. మంచు వానగా మారింది, పైనున్న వాలు విరిగి రైళ్ళను లోయలోకి తోసేసింది. 96 మంది పోయారు. అమెరికా చరిత్రలో ఇంతకంటే ఎక్కువ మందిని తీసిన అవలాంచ్ లేదు. ఆ చోట ఇప్పుడు ఐరన్ గోట్ ట్రెయిల్ ఉంది, వేసవిలో పిల్లలతో హాయిగా వెళ్ళొచ్చు. చలికాలంలో వద్దు.

మంచులో నడుస్తున్నప్పుడు

మంచు తనే చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి, వాటికి కోర్సు అక్కర్లేదు. చుట్టుపక్కల వాలుల మీద తాజాగా జారిన జాడ కనబడితే అంతకంటే పెద్ద బోర్డు ఉండదు. అడుగు వేయగానే కింద మంచు "వుంఫ్" అని కూర్చున్న శబ్దం వస్తే, లోపలి పొర కూలిందన్నమాట. ఒకసారి సోర్స్ లేక్ దారిలో నేను ముందు నడుస్తుంటే, స్నోషూ అంచు నుంచి ఒక సన్నటి పగులు బయల్దేరి నా ముందున్న చిన్న గట్టు మీదుగా పదిహేను అడుగులు సర్రున పాకింది. వేలు పెట్టి చూస్తే పైన బెత్తెడు గట్టి మంచు, దాని కింద పంచదార పలుకుల్లాంటి వదులు మంచు. ఫోర్‌కాస్ట్ ఆ రోజు మోడరేట్. వెనక్కి తిరిగాం. "ఇంత దూరం వచ్చాం కదా" అన్న మాట అప్పుడు కూడా వచ్చింది. ఎప్పుడూ వస్తుంది.

అందుకే ఆ మాటకు ముందే జవాబు పెట్టుకుంటాం. ఎవరు వద్దన్నా వెనక్కే, కారణం చెప్పనక్కర్లేదు. మనలో పెద్దవాళ్ళ ముందు, బాస్ ముందు, కొత్తగా కలిసిన వాళ్ళ ముందు "నాకు భయంగా ఉంది" అని నోరు తెరవడం కష్టం. గ్రూపు పెద్దదయ్యేకొద్దీ ఇంకా కష్టం. 2012 ఫిబ్రవరి 19న స్టీవెన్స్ పాస్ పక్కన టనెల్ క్రీక్‌లో ముగ్గురు చనిపోయినప్పుడు ఆ రోజు అక్కడ కలిసి దిగినవాళ్ళు 16 మంది. ఎంతో అనుభవం ఉన్న స్కీయర్లు, ఆ కొండ తెలిసినవాళ్ళు. నేను అయిదారుగురిని మించి తీసుకెళ్ళను. మిగతావాళ్ళకు చదును ప్లాన్ వేరే ఉంటుంది.

అనుమానం ఉన్న చోటు దాటక తప్పకపోతే ఒక్కొక్కరే దాటండి. మిగతావాళ్ళు దట్టమైన చెట్ల మధ్యో, గట్టు మీదో నిలబడి దాటేవాళ్ళ మీదే కన్ను వేసి ఉంచాలి. పోల్స్ పట్టీల్లోంచి చేతులు తీసేయండి. భోజనం ఎప్పుడూ వాలు కింద పెట్టుకోవద్దు. ఎండ బాగా పడుతుంది, గాలి ఉండదు, పులిహోర డబ్బా విప్పడానికి బ్రహ్మాండమైన చోటులా కనిపిస్తుంది. చెట్ల కొమ్మలు ఒక వైపే విరిగి ఉన్నాయేమో, చిన్న చెట్లన్నీ కిందికి వంగి ఉన్నాయేమో తలెత్తి చూడండి. ఉంటే అక్కడికి చరియలు వస్తుంటాయి.

సామాను, ప్రాక్టీసు

అవలాంచ్ వాలుల దగ్గరకు వెళ్ళే ప్రతి మనిషికీ మూడు ఉండాలి: బీకన్ (మంచు కింద ఉన్నా మన జాడ చెప్పే, ఇతరుల జాడ వెతికే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి మడత కర్ర), లోహపు పార. గ్రూపుకొకటి కాదు, మనిషికొకటి. మీ ప్రోబ్, పార పక్కవాళ్ళను తీయడానికి పనికొస్తాయి, మిమ్మల్ని తీసేది పక్కవాళ్ళవి. కారులో ఉండే ప్లాస్టిక్ పార గట్టిపడిన చరియ మంచులో మొదటి పోటుకే విరుగుతుంది. బీకన్ ఒంటికి కట్టుకోవాలి, బ్యాగులో కాదు. ఫోన్‌ను దానికి 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉంచాలి. బ్యాటరీ కరెంటుతో వేడెక్కే గ్లవ్స్ కూడా సిగ్నల్‌ను పాడుచేస్తాయి. కంపెనీ వేరే చెప్పకపోతే ఆల్కలైన్ బ్యాటరీలే వేయండి. బయల్దేరే ముందు ఒకరు పక్కకు నిలబడి మిగతావాళ్ళ బీకన్లు ఒక్కొక్కటిగా వినబడుతున్నాయో లేదో చూడాలి. ఇవన్నీ అద్దెకు దొరుకుతాయి.

పూడుకుపోయిన మనిషిని పది, పదిహేను నిమిషాల్లోపు తీస్తే బతికే అవకాశం చాలా బాగుంటుంది. అరగంట దాటితే చాలా పడిపోతుంది. రెస్క్యూ టీమ్ అంతలో రాదు. అందుకే స్నోపార్క్‌లో (చలికాలంలో మంచులో తిరిగేవాళ్ళ కోసం ఉంచే పార్కింగ్ చోటు) ప్రాక్టీస్ చేయండి. ఒక పాత బ్యాగులో బట్టలు కుక్కి, అందులో ఆన్ చేసిన బీకన్ పెట్టి, ఒకరు ఎవరూ చూడకుండా పాతిపెట్టాలి. బీకన్ స్క్రీన్ మీద అంకె (సుమారుగా మీటర్లలో దూరం) 38, 31, 24 అని తగ్గుతుంటే వేగంగా నడవండి. పది లోపలికి రాగానే నిదానించండి. మూడు లోపల బీకన్‌ను మంచుకు ఆనించి, తిప్పకుండా, ముందుకూ వెనక్కీ, తర్వాత ఎడమకూ కుడికీ జరపండి. అతి చిన్న అంకె వచ్చిన చోట ప్రోబ్ దింపండి, తగలకపోతే అక్కడి నుంచి 25 సెంటీమీటర్ల ఎడంతో చుట్టూ సుడిగా పొడవండి. నేల తగిలితే ఠంగుమంటుంది. బ్యాగు తగిలితే ప్రోబ్ కొద్దిగా వెనక్కి తంతుంది, ఆ తేడా చేతికి ఒకసారి తెలిస్తే మర్చిపోరు. ప్రోబ్‌ను తీయకుండా అలాగే ఉంచి, దాని పైన కాకుండా వాలు కింది వైపు నుంచి లోపలికి తవ్వండి. ఇద్దరుంటే ఒకరు ముందు కోస్తూ, వెనకవాళ్ళు మంచు తోసేస్తూ. ముఖం దొరకగానే ముందు నోరు, ముక్కు శుభ్రం చేయాలి.

నిజంగా జరిగితే ముందు చేయాల్సింది మనిషి ఆఖరిసారి కనబడిన చోటు గుర్తు పెట్టుకోవడం. ఇంకో చరియ వచ్చే ప్రమాదం ఉందేమో చూసి, అందరూ బీకన్లు వెతికే మోడ్‌లోకి మార్చాలి. ఒక్కరు మార్చకపోయినా సిగ్నల్ కలిసిపోతుంది. 911కి చేయగలిగితే ఒకరు చేయండి, మిగతావాళ్ళు వెతకండి. చాలా లోయల్లో ఫోన్ పలకదు, శాటిలైట్ మెసేజ్ పరికరం ఒకటి గ్రూపులో ఉంటే మంచిది. మీరే చిక్కుకుంటే అరవండి, పక్కకు బయటపడటానికి పెనుగులాడండి, మంచు నెమ్మదిస్తుండగా ముఖం ముందు చెయ్యి అడ్డం పెట్టి గాలికి చోటు చేసుకోండి.

చదివినంత మాత్రాన ఇది రాదు. ఎన్‌వాక్ ఉచిత క్లాసులు పెడుతుంది, వాటితో మొదలుపెట్టండి. ఇష్టం కలిగితే మూడు రోజుల లెవెల్ వన్ కోర్సు ఉంది. ఒక్క రోజు రెస్క్యూ క్లాసుకు డబ్బు పెట్టడం ఖరీదైన జాకెట్ కంటే మేలని నా అభిప్రాయం.

ఫోర్‌కాస్ట్ బాగాలేని రోజుకు కూడా చోట్లు ఉన్నాయి: గోల్డ్ క్రీక్ చెరువు దాకా, పిల్లలకు హయక్ స్లెడ్డింగ్ కొండ, దూరం పోయే ఓపిక ఉంటే లేక్ వెనాచీ ఒడ్డు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి మంచు చూస్తామంటే నేను తీసుకెళ్ళేది వీటికే. స్నోపార్క్ పర్మిట్ ముందే కొనుక్కోండి. మౌంట్ రైనియర్ నేషనల్ పార్కులోని ప్యారడైజ్‌కు వెళ్తే నవంబర్ 1 నుంచి మే 1 దాకా ఫోర్ వీల్ డ్రైవ్‌కైనా సరే కారులో చైన్లు ఉండాలి. విజిటర్ సెంటర్ చుట్టూ తిరగండి. పనోరమా పాయింట్ వైపు ఎక్కే దారి మాత్రం అవలాంచ్ వాలే.

ఇంటికొచ్చాక పది నిమిషాలు వెచ్చించి, చూసింది ఎన్‌వాక్ సైట్‌లో అబ్జర్వేషన్ కింద రాయండి. ఎవరైనా రాయొచ్చు, మరుసటి ఫోర్‌కాస్ట్ రాసేవాళ్ళు అవి చదువుతారు. ఏ వైపు వాలు, ఎంత ఎత్తు, ఎన్ని గంటలకు, పగులా శబ్దమా జారిన జాడా. ఫోటో సేఫ్‌గా ఉన్న చోటు నుంచే తీయండి. పగులు మీ కాళ్ళ దగ్గరే ఉంటే పక్కన పోల్ పెట్టి తీయండి, పలక మందం ఎంతో వాళ్ళకు తెలుస్తుంది.